హిస్టరీ చదివారా? గేమ్‌ తయారుచేసి చూపించండి!

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్‌ గేమింగ్‌ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలు బంద్‌ అన్న ముక్కే అందరికీ గుర్తుండిపోయింది. తెలంగాణలో ఆన్‌లైన్‌ రమ్మీకి 2017లోనే చెక్‌ పడింది కాబట్టి మనకది పెద్ద వార్తేం కాదు. మీరు చూడాల్సింది అదే చట్టంలోని ఇంకో సంగతి: ఈ-స్పోర్ట్స్‌ను, విద్యకు పనికొచ్చే ఆటలను ప్రోత్సహించాలని అందులో ఉంది.

ఆటతో పాఠం చెప్పడం కొత్తేమీ కాదు. అమెరికాలోని మినియాపొలిస్‌లో 1971లోనే ముగ్గురు ట్రైనీ టీచర్లు హిస్టరీ క్లాసు కోసం ‘ఆరెగాన్‌ ట్రయల్‌’ తయారుచేశారు. అప్పుడు స్క్రీన్‌ కూడా లేదు, టెలీటైప్‌ కాగితం మీద అచ్చు కొట్టేది. న్యూయార్క్‌ బర్నార్డ్‌ కాలేజీలో మొదలైన పద్ధతికైతే కంప్యూటరే అక్కర్లేదు. విద్యార్థులు పాత్రలు తీసుకుని వాదించుకుంటారు. 1945 సిమ్లా సమావేశం మీదా అలాంటి గేమ్‌ ఉంది.

మరి మన హైదరాబాద్‌ కథ? 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం, 1948 సెప్టెంబరు 17న లొంగుబాటు. మధ్యలో పది నెలల బేరసారాలు. క్లాసులో ఒక జట్టు నిజాం కొలువు, ఇంకోటి ఢిల్లీ, మరోటి స్టేట్‌ కాంగ్రెస్‌, ఇంకోటి పోరాటంలో ఉన్న పల్లెలు అనుకోండి. తేదీలు బట్టీ పట్టినవాడికి కూడా ‘నేనైతే ఆ రోజు సంతకం పెట్టేవాడినా?’ అన్న ప్రశ్న అప్పుడే తగులుతుంది. గ్రూప్‌-1కి చదివేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

కానీ జాగ్రత్త. ఆ రోజుల గాయాలు ఇంకా మానని కుటుంబాలున్నాయి. హింసకు పాయింట్లు పెడితే అది పాఠం కాదు, వినోదం అయిపోతుంది. నా లెక్కలో దాడులు ఆటగాడి చేతిలో ఉండకూడదు. కార్డు రూపంలో వార్తగా రావాలి, ప్రతి జట్టూ దానికి జవాబు చెప్పుకోవాలి. ఏది ఆటలో ఉండాలి, ఏది ఉండకూడదు అన్న ఈ తీర్పే అసలు డిజైన్‌. కోడింగ్‌ ఆ తర్వాతే.

ఉద్యోగం సంగతికొద్దాం. గేమింగ్‌, యానిమేషన్‌ కోసమని రాయదుర్గంలో ఇమేజ్‌ టవర్‌కు 2017లో శంకుస్థాపన జరిగింది. ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌ లాంటి కంపెనీకీ ఇక్కడ ఆఫీసుంది. అయినా ‘హిస్టరీ గేమ్‌ డిజైనర్‌ కావలెను’ అన్న ప్రకటన కోసం ఎదురుచూస్తే నిరాశే. మీరు వెతకాల్సిన పేరు ‘ఇన్‌స్ట్రక్షనల్‌ డిజైనర్‌’. కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడాలి, ఫిషింగ్‌ మెయిల్‌ వస్తే ఏం చేయాలి... కార్పొరేట్‌ శిక్షణలో ఇవన్నీ సిమ్యులేషన్లే. పాత్ర, ఎంపిక, ఫలితం అన్న చట్రం ఒకటే.

బీఏ వాళ్లూ, బీటెక్‌ వాళ్లూ కలిసి ఒక జట్టు కట్టండి. ముందు కాగితం మీద ఆట గీయండి. జూనియర్లతో ఆడించి, ఎక్కడ బోర్‌ కొట్టిందో రాసుకుని మార్చండి. తర్వాత ‘ట్వైన్‌’లో పెట్టండి, అది ఉచితం, కోడింగ్‌ రాకపోయినా నడుస్తుంది. ఇంటర్వ్యూలో ఆ లింకుతో పాటు మొదటి వెర్షన్‌ ఎందుకు పనిచేయలేదో కూడా చెప్పండి. ‘గ్యారంటీ ప్లేస్‌మెంట్‌’ అనే గేమ్‌ డిజైన్‌ కోర్సుకు వేలకు వేలు కట్టే ముందు ఈ పని పూర్తిచేయండి, ఫీజు సంగతి అప్పుడు ఆలోచించవచ్చు.