కట్ అయిన టీడీఎస్ వెనక్కి రాలేదా? ఎన్నేళ్ల వరకు అడగొచ్చంటే..

చోడవరంలో ఉండే ఓ పెన్షనర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వయసు 60 దాటింది. పెన్షన్ ఏడాదికి రూ.2 లక్షలు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే 2021-22లో రూ.1.20 లక్షల వడ్డీ వచ్చింది. అప్పట్లో సీనియర్ సిటిజన్లకు ఏడాది వడ్డీ రూ.50 వేలు దాటితే టీడీఎస్ కట్ అయ్యేది. అలా బ్యాంకు 10 శాతం చొప్పున రూ.12 వేలు మినహాయించింది. నిజానికి ఆయన ఆదాయానికి పన్నే లేదు. ‘పన్ను పడనప్పుడు రిటర్న్ ఎందుకు?’ అనుకుని దాఖలు చేయలేదు. ఇన్నాళ్లకు విశాఖలో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫారం 26ఏఎస్ తీసి చూస్తే ఆ రూ.12 వేలు కనిపించాయి.

ఆ డబ్బు వెనక్కి వస్తుందా? వచ్చే దారి ఉంది. కానీ దానంతటదే రాదు. అడగాలి, అదీ గడువులోగా అడగాలి.

అసలు గడువు ఎప్పటిదాకా?

రిఫండ్ కోరాలంటే రిటర్న్ దాఖలు చేయాల్సిందే. ఆడిట్ అవసరం లేని జీతగాళ్లకు, పెన్షనర్లకు సాధారణ గడువు జులై 31. అది దాటితే అదే ఏడాది డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు. మన పెన్షనర్ విషయంలో ఆ తేదీ 2022 డిసెంబరు 31. అది ఎప్పుడో దాటిపోయింది.

ఐటీఆర్-యూ వేస్తే సరిపోదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. అప్‌డేటెడ్ రిటర్న్ (ఐటీఆర్-యూ) గడువును 2025 బడ్జెట్‌లో రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచారు. దీంతో పాత రిఫండ్ కూడా దాని ద్వారా అడగొచ్చని అనుకుంటున్నారు. కుదరదు. తక్కువ చూపిన ఆదాయాన్ని ఒప్పుకొని అదనపు పన్ను కట్టడానికే ఆ రిటర్న్. కొత్తగా రిఫండ్ కోరడానికి గానీ, ఉన్న రిఫండ్‌ను పెంచుకోవడానికి గానీ అది పనికిరాదు.

మరి మిగిలిన దారి?

ఆలస్యాన్ని మన్నించాలని ఆదాయపు పన్ను శాఖను కోరడమే. దీన్నే కండోనేషన్ అంటారు. 1961 చట్టంలోని సెక్షన్ 119(2)(బి) కింద ఈ వెసులుబాటు ఉంది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆరేళ్ల వరకు దరఖాస్తు చేసుకునే వీలుండేది. 2024 అక్టోబరు 1న ఇచ్చిన సర్క్యులర్ నం.11 దాన్ని ఐదేళ్లకు కుదించింది.

ఈ ఐదేళ్లను అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్కిస్తారు.

• 2020-21 ఆదాయానికి: 2027 మార్చి 31 వరకు
• 2021-22 ఆదాయానికి: 2028 మార్చి 31 వరకు
• 2022-23 ఆదాయానికి: 2029 మార్చి 31 వరకు

అంటే మన పెన్షనర్‌కు 2028 మార్చి ఆఖరు వరకు సమయం ఉంది.

దరఖాస్తు ఎలా?

ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి, ‘సర్వీసెస్’లో ‘కండోనేషన్ రిక్వెస్ట్’ ఎంచుకోవాలి. ఎందుకు ఆలస్యమైందో రాసి, ఆధారాలు జత చేయాలి. అనారోగ్యం కారణమైతే ఆసుపత్రి కాగితాలు, పన్ను మినహాయింపునకు ఫారం 16ఏ, 26ఏఎస్ ఉపయోగపడతాయి. రూ.కోటి వరకు రిఫండ్ కోరే దరఖాస్తులపై ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ నిర్ణయం తీసుకుంటారు. వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చాలని సర్క్యులర్ చెబుతోంది. అనుమతి వచ్చాకే ఆ ఉత్తర్వు వివరాలతో రిటర్న్ వేయాలి.

అయితే ఇది హక్కు కాదు. నిజమైన ఇబ్బంది ఉందని, కోరుతున్న మొత్తం సరైనదేనని అధికారికి నమ్మకం కలగాలి. ‘మర్చిపోయాను’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే దరఖాస్తు నిలవడం కష్టం.

వడ్డీ వస్తుందా?

రిటర్న్ సకాలంలో వేస్తే రిఫండ్‌పై నెలకు 0.5 శాతం వడ్డీని ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తారు. డిసెంబరులోగా ఆలస్యంగా వేస్తే, వేసిన రోజు నుంచే వడ్డీ. కండోనేషన్ ద్వారా వచ్చే రిఫండ్‌కు మాత్రం వడ్డీ ఉండదు. ఐదేళ్లు ఆగినా చేతికొచ్చేది ఆ రూ.12 వేలే.

రిటర్న్ వేసినా డబ్బు రాకపోతే?

ఇది వేరే సమస్య. దీనికి కండోనేషన్ అక్కర్లేదు. ముందుగా ఈ నాలుగు చూసుకోండి.

• రిటర్న్ వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేశారా?
• బ్యాంకు ఖాతా పోర్టల్‌లో వ్యాలిడేట్ అయిందా? రిఫండ్ వెనక్కి వెళ్లి ఉంటే ‘రిఫండ్ రీఇష్యూ’ కోరాలి.
• ఆధార్‌తో లింక్ కాక పాన్ పనిచేయకుండా పోయిందా?
• పాత బకాయిల కింద సర్దుబాటు చేస్తామని నోటీసు వచ్చిందా? దానికి 21 రోజుల్లో జవాబివ్వాలి.

కొత్త చట్టంలో ఏముంది?

2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కొత్త ఆదాయపు పన్ను బిల్లులో, గడువులోగా రిటర్న్ వేయకపోతే రిఫండ్ రాకుండా చేసే నిబంధన ఉంది. సెలెక్ట్ కమిటీ అభ్యంతరం చెప్పడంతో ఆగస్టులో ఆమోదం పొందిన బిల్లులో దాన్ని తీసేశారు. ఆ నిబంధనే ఉండి ఉంటే, పన్ను పడని చిన్న ఆదాయాల వారే ఎక్కువగా నష్టపోయేవారు. టీడీఎస్ కట్ అయిన సంగతి ఆలస్యంగా తెలిసేది వారికే.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం వారి 26ఏఎస్ ఒకసారి తెరిచి చూడండి. పన్ను పడని వారైతే, 15హెచ్ పేరుతో అందరికీ తెలిసిన డిక్లరేషన్‌ను ఏటా ఏప్రిల్‌లోనే బ్యాంకుకు ఇప్పించండి. టీడీఎస్ కట్ కాకపోతే రిఫండ్ కోసం తిరగాల్సిన పనే ఉండదు.