ట్యూబు వెనక సన్నక్షరాలు

"మొటిమలకు ఏదైనా క్రీమ్ ఇవ్వండి" అంటే చాలు, హైదరాబాద్‌లోనైనా హిందూపురంలోనైనా మెడికల్ షాపు కౌంటర్ మీదికి నాలుగైదు ట్యూబులు వచ్చి పడతాయి. అట్ట మీద వేపాకులు, మచ్చలేని మొహం. అసలు సంగతి వెనక సన్నక్షరాల్లో ఉంటుంది. అక్కడ పేరు మారితే పనీ మారుతుంది.

ఎర్రగా వాచి చీము పట్టే మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ పాత కాపు. చర్మ రంధ్రంలోకి ఆక్సిజన్ వదిలి, గాలి సోకని చోట పెరిగే బ్యాక్టీరియాను చంపుతుంది. దానికి అలవాటు పడి మొండికేయడం ఆ బ్యాక్టీరియా వల్ల కాదు. 2.5, 5, 10 శాతాల్లో దొరుకుతుంది. సహజంగా చెయ్యి పదివైపే పోతుంది. కానీ 1980ల్లోనే పోల్చి చూస్తే, వాచిన మొటిమలను తగ్గించడంలో 2.5 శాతం జెల్ 10 శాతానికి దీటుగా నిలిచింది. మంట, పొట్టు లేవడం దానితోనే తక్కువ. దిండు గలీబు మాత్రం ఏ శాతమైనా వెలిసిపోతుంది.

వేడికి బెంజాయిల్ పెరాక్సైడ్ విరిగి, క్యాన్సర్ కారకమైన బెంజీన్ పుట్టవచ్చన్న భయం 2024లో అమెరికాలో లేచింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులను పరీక్షించి, ఎక్కువ వాటిలో బెంజీన్ లేదని, లేదా అతి తక్కువని 2025లో తేల్చింది. కొన్నింటిని కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. మన మే నెలలో ట్యూబును కారులో వదలకపోవడం మంచిది.

సాలిసిలిక్ యాసిడ్ దారి వేరు. నూనెలో కరిగే గుణం వల్ల జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగి మూసుకున్న దాన్ని వదులు చేస్తుంది. అందుకే నల్ల మొనల మొటిమలకు (బ్లాక్‌హెడ్స్), తెల్ల పొక్కులకు నప్పుతుంది. అయితే రుద్దీ రుద్దకముందే కడిగేసే ఫేస్‌వాష్‌లో దానికి పని చేసే తీరికెక్కడిది?

అడాపలీన్ అసలు రంధ్రం మూసుకోకుండానే చూస్తుంది. 0.1 శాతం జెల్‌ను డాక్టర్ చీటీ లేకుండా అమ్మడానికి 2016లో అమెరికా అనుమతించింది. మొదటి వారాల్లో మొటిమలు పెరిగినట్టు కనిపించి, ఫలితం తెలిసేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. చాలామంది ఈలోపే ట్యూబు పారేస్తారు. గర్భిణులు దీని జోలికి పోకూడదు.

మన కౌంటర్ల దగ్గర పెద్ద చిక్కు ఇవేవీ కావు. యాంటీబయాటిక్ అయిన క్లిండామైసిన్ జెల్‌ను ఒంటరిగా నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది; బెంజాయిల్ పెరాక్సైడ్ జోడించమనేది అందుకే. అంతకన్నా దారుణం స్టెరాయిడ్ కలిసిన క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ పేర్లు వెనక కనబడితే మొటిమలకు వద్దు. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గి మొహం తేటబడుతుంది, అదే మాయ. తర్వాత చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు తేలి, మొటిమలు గుంపులుగా లేస్తాయి.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 స్టెరాయిడ్ పూతమందులకున్న మినహాయింపు తీసేసి, డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది. అయినా పాత అట్ట చూపించి "ఇదే ఇవ్వండి" అనేవాళ్లు తగ్గలేదు. మానిన కొన్నాళ్లకే మంట, ఎరుపు తిరగబెడతాయి కాబట్టి మళ్లీ అదే ట్యూబు కొంటారు. చర్మవైద్యులకు దాన్ని మాన్పించడానికే నెలలు పడుతుంది. మొటిమల వైద్యం ఆ తర్వాత మొదలు.