గాజు నేల ముందు ఆగిపోయినవాళ్ళ తరఫున

టొరంటోలో సి.ఎన్. టవర్ ఉంది కదా, అందులో 342 మీటర్ల ఎత్తున నేల కొంతమేర గాజుతో ఉంటుంది. 1994లో పెట్టారు. మొత్తం కలిపినా ఇరవై నాలుగు చదరపు మీటర్ల లోపే, ఓ మాదిరి గది అంత. దాని మీద నిలబడి తల వంచితే పాదాల మధ్యనుంచి కింద నేల కనిపిస్తుంది. పద్నాలుగు పెద్ద హిప్పోపొటామస్‌లు ఎక్కినా విరగదని టవర్‌వాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. హిప్పోలని అంత పైకి ఎవరు తీసుకెళ్తారో నాకు తెలీదు గానీ, లెక్క మాత్రం నమ్మొచ్చు. మరి హిప్పోలని మోసే నేల మీద యాభై కిలోల మనిషి అడుగెయ్యలేకపోతే అది పిరికితనమేగా అని మీరడగొచ్చు.

కాదంటాను. ఇంకా చెప్పాలంటే, ఆగిపోయిన మనిషి కళ్ళు సరిగ్గా పనిచేస్తున్నాయంటాను.

పోయిన వేసవిలో మా పిన్ని కూతురి దగ్గరికి వెళ్ళి ఆ టవర్ ఎక్కింది. పాతికేళ్ళు వ్యాసర్‌పాడి నుంచి ప్యారీస్ దాకా బస్సులో నిలబడి ఉద్యోగానికి వెళ్ళొచ్చిన మనిషి, దేనికీ జంకేది కాదు. గాజు అంచు దగ్గర ఒక కాలు ముందుకి పెట్టింది, వెనక్కి తీసుకుంది, చెల్లెలు చెయ్యి పట్టి లాగేసరికి అక్కడే కూలబడిపోయింది. అల్లుడు అదంతా వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. రెండ్రోజులు అందరం నవ్వే బొమ్మలు పెట్టుకున్నాం. పిన్ని "ఊరికే సరదాకిలే" అంది. కానీ తిరిగొచ్చాక నయాగరా ఫోటోలు కూడా ఎవరికీ చూపించలేదు. అది నాకు సరదాగా అనిపించలేదు.

గాజు నేల ముందు మనిషి ఎందుకు ఆగిపోతాడో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లోనే చూపించారు. ఎత్తయిన బల్ల, దానిమీద పెద్ద గాజు పలక, మధ్యలో ఒక చెక్క. చెక్కకి ఒక పక్క గళ్ళగుడ్డ గాజుకి ఆనుకునే ఉంటుంది. రెండో పక్క అదే గుడ్డ కింద నేలమీద ఉంటుంది, అంటే చూడ్డానికి గొయ్యి. ఆరు నుంచి పద్నాలుగు నెలల పిల్లలు 36 మందిని ఒక్కొక్కరినే చెక్క మీద కూర్చోబెట్టి, అటూ ఇటూ నిలబడి తల్లిని పిలవమన్నారు. 27 మంది కదిలారు. అందరూ గుడ్డ దగ్గరగా ఉన్న పక్కకి పాకారు. గొయ్యి పక్కకి వెళ్ళింది ముగ్గురే. కొందరు పిల్లలు ఆ గాజుని చేత్తో తట్టి చూశారట. గట్టిగానే ఉందని చేతికి తెలిసింది. అయినా, అటువైపు నుంచి అమ్మ పిలుస్తున్నా వెళ్ళలేదు. మా పిన్ని కూడా అంతే, చెయ్యి చెప్పిన మాటకన్నా కన్ను చెప్పిన మాట విన్నది.

(ఆ గిబ్సన్‌గారి గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. చదువుకునే రోజుల్లో ఆవిడ యేల్‌లో రాబర్ట్ యెర్కీస్ అనే పెద్దాయన దగ్గర పనిచేద్దామని వెళ్తే, నా ప్రయోగశాలలో ఆడవాళ్ళకి చోటు లేదని పంపించేశాడు. కార్నెల్‌లో భర్త ప్రొఫెసర్ కాబట్టి ఆవిడకి ఉద్యోగమివ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు, ఏళ్ళ తరబడి జీతం లేకుండానే పరిశోధన చేసింది. ఈ గాజు బల్ల ఆ రోజుల్లోదే.)

ఇంజనీర్లని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ నేల ఒకే పలక కాదు. గట్టిపరిచిన గాజు పలకలని ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొరతో అతికిస్తారు. ఒకటి పగిలినా మిగతావి మోస్తాయి. చికాగో విల్లిస్ టవర్‌లో 103వ అంతస్తు నుంచి బయటికి చొచ్చుకొచ్చిన గాజు పెట్టెలున్నాయి, 412 మీటర్ల ఎత్తున, 2009 నుంచి. 2014 మేలో జనం అందులో ఉండగానే కాళ్ళ కింద బీటలు పాకాయి. పగిలింది పైనున్న రక్షణ పొర మాత్రమే, కింద గాజుకి ఏమీ కాలేదు, ఆ పొర ఉన్నదే దెబ్బ తను తినడానికి అని నిర్వాహకులు చెప్పారు. నిజమే. కానీ అది నిలబడ్డవాళ్ళకి తెలిసింది బయటికొచ్చాక. ఆ క్షణంలో వాళ్ళకి కనిపించింది బీట ఒక్కటే.

అందుకే గాజు నేల మీద అడుగెయ్యడాన్ని ధైర్యం అనడం కన్నా నమ్మకం అనడం సరిగ్గా ఉంటుందేమో. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ టవర్‌వాళ్ళు 1998లో పెట్టిన గాజు నేలకి 'వాక్ ఆఫ్ ఫెయిత్' అనే పేరు పెట్టారు. నమ్మకం ఒక్కొక్కరికి ఒక్కో వేగంతో వస్తుంది, కొందరికి రాదు. చెయ్యి పట్టి లాగితే వచ్చేది కాదు.

"కొంచెం తోస్తేనే భయం పోతుందే" అని మా క్లాసులోనే కొందరంటారు. 1985లో ఇంకో ప్రయోగం జరిగింది. అదే గాజు బల్ల, లోతు తగ్గించారు, పిల్లలకి ఏడాది వయసు. ఈసారి తల్లులు మాట్లాడకూడదు, మొహంతోనే చెప్పాలి. తల్లి మొహం సంతోషంగా ఉంటే 19 మందిలో 14 మంది గాజు దాటారు. భయంగా ఉంటే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. తొయ్యలేదు, లాగలేదు. ఫోన్ పట్టుకుని నవ్వే మొహం చూస్తే ఎంతమంది దాటేవారో మీరే ఊహించుకోండి.

తెలుగు చదువుకునేవాళ్ళకి ఇదేం కొత్త కథ కాదు. మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలని నీళ్ళనుకుని బట్టలు ఎగదోపుకున్నాడు, నీళ్ళని నేలనుకుని పడ్డాడు. మయుడి పనితనమే కళ్ళని మోసం చెయ్యడం, ఆయన కళ్ళు మోసపోయాయి, అంతే. భీముడూ నవ్వాడు, సేవకులూ నవ్వారు. మనవాళ్ళకి గుర్తున్నది మాత్రం ద్రౌపది నవ్వు ఒక్కటే, యుద్ధం కూడా ఆవిడ ఖాతాలోనే రాసేశారు. (దీని మీద వేరే వ్యాసం రాయాలి.) దుర్యోధనుడు మంచివాడని నేననడంలేదు. కానీ పడ్డదానికన్నా, పడితే నవ్వినదే ఆయన మర్చిపోలేదు.

నాకైతే సి.ఎన్. టవర్ ఎక్కాలనే ఉంది, ఆ గాజు మీద బోర్లా పడుకుని చూడాలని కూడా ఉంది. ఇప్పటికి మన డిపార్ట్‌మెంట్ టూర్ కన్యాకుమారికి. వివేకానంద శిల నుంచి తిరువళ్ళువర్ విగ్రహానికి 2024 డిసెంబరులో తెరిచిన గాజు వంతెన అక్కడ ఉంది, 77 మీటర్లు. కింద సముద్రం. మన నలభై మందిలో ఇద్దరో ముగ్గురో ఈ చివరే ఆగిపోతారు. ఎవరో ఇప్పుడే చెప్పలేం, నేనే కావచ్చు. ఆగినవాళ్ళ వీడియో తియ్యకూడదని బయల్దేరే ముందే అనుకుందామని నా ప్రతిపాదన. వాళ్ళకి తోడుగా ఈ చివర ఒకరు ఉండాలి, దానికి నేను పేరిస్తున్నాను.

ఒప్పుకోనివాళ్ళు కూడా రాయండి. ఈ కాగితం పక్కనే తెల్లకాగితం గుచ్చాను, పెన్ను తాడుకి కట్టి ఉంది.