చలి కోరే మొక్క, మాదాపూర్ గది

నాలుగేళ్ళు పెంచిన ఒక మొక్కను కిందటి వేసవిలో ఇంటినుండి పంపివేశాను. అది దయలేని పని అన్న మిత్రులున్నారు. కాదని వాదించడానికే ఈ నాలుగు మాటలూ.

అది పెద్దపూల సింబీడియం, ఆర్కిడ్ కుటుంబానిది. కాలింపాంగ్ యాత్రలో కొన్నాను. "హైదరాబాదులో బతుకుతుందా?" అని అడిగితే అమ్మినాయన బతుకుతుందన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. మాదాపూర్‌లోని మా ఏడో అంతస్తు బాల్కనీలో అది నిగనిగలాడే ఆకులు వేసింది, కొత్త దుంపలు పెట్టింది. నాలుగేళ్ళలో ఒక్క పూకాడ మాత్రం రాలేదు. నేను అడగవలసినది బతుకుతుందా అని కాదు, పూస్తుందా అని.

ఈ సంకరజాతుల పూర్వీకులు హిమాలయ సానువులవి. పగలు వెలుగు ఎంత అవసరమో, రాత్రి చల్లదనం అంతే అవసరం. వేసవి ముగిసి శరత్తు వచ్చేవేళ రాత్రులు 15 డిగ్రీలకు దిగువకు జారితేనే వాటిలో పూకాడ పుడుతుంది. మన సెప్టెంబరు, అక్టోబరు రాత్రులు 20 దాటే ఉంటాయి. పైగా పగలు ఆకు కూడబెట్టిన ఆహారాన్ని వేడి రాత్రి శ్వాసక్రియలో ఎక్కువగా ఖర్చు చేయిస్తుంది. మొక్క సంపాదనంతా ఇల్లు గడవడానికే సరి!

మే నెలలో స్వెట్టరు వేసుకుని ఉద్యోగం చేసే పేట మాది. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఋతువును మీటతో మార్చడం అలవాటైనవాణ్ణి, మొక్కకు మాత్రం మార్చలేనా అనుకున్నాను. ఒక అక్టోబరంతా కుండీని పడకగదిలో పెట్టి రాత్రంతా ఏసీ నడిపాను. ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకున్నాము. రాత్రికి సుమారు పది యూనిట్ల కరెంటు. అయినా ఇళ్ళలోని ఏసీలు సాధారణంగా 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు, అవి చల్లబరుస్తూనే గాలిలోని తేమను లాగేస్తాయి. ఆకుల కొసలు మాడాయి. పోనీ కూలరు పెడదామంటే, అది పొడిగాలి వీచే ఏప్రిల్‌లో బాగానే పనిచేస్తుంది గాని, గాలి తేమతో నిండిన వానాకాలంలో చేతులెత్తేస్తుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో దీనికి విపర్యయం జరిగింది. ఆర్కిడ్లన్నీ ఉష్ణదేశపువేనని ఆండీస్ కొండల చలిమొక్కలను కూడా ఆవిరి కక్కే గాజుఇళ్ళలో పెట్టి చంపుకున్నారు. పుట్టిన దేశమేదో చూశారు గాని, పుట్టిన ఎత్తు ఎంతో చూడలేదు. నేను చేసినదీ అదే. సింబీడియం మన దేశపుదే కదా అనుకున్నాను!

అద్దాల పెట్టెకు శీతలయంత్రం, పొగమంచు యంత్రం, దీపాలు అమర్చి ఆండీస్ మస్డెవాలియాలను పూయించేవారున్నారు. అరచేతిలో పట్టే మొక్కలు గనుక అది సాధ్యం. వారి నేర్పుకు నమస్కారం. కానీ మే మధ్యాహ్నం కరెంటు రెండు గంటలు పోతే గతేమిటి? నా కంటికది తోటగా కాక ఐసీయూగా కనబడుతుంది.

ఇంతకీ మనకు ఆర్కిడ్లే లేవా? 1793లో కలకత్తా వెళ్ళకముందు సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్, 1795లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో ఒక వాండాను బొమ్మతో సహా వర్ణించాడు. నేటి పేరు వాండా టెస్సెల్లేటా. గోధుమరంగు గళ్ళ రేకులు, ఊదా పెదవి, మంచి వాసన. చెట్టును పట్టుకుని బతుకుతుంది గాని బదనికలా దాని రసం పీల్చదు. సింబీడియాలలోనే అలోయిఫోలియం అనేది మన తూర్పు కనుమల్లో ఉంది, వేడిని ఓర్చుకుంటుంది. మన నర్సరీలలో వీటిని అడిగేవారు లేరు, అందుకే పెంచేవారూ అరుదు. అడవిలో పెరికి తెచ్చినవి మాత్రం ఎవరిచ్చినా పుచ్చుకోకండి.

నా సింబీడియం ఇప్పుడు చింతపల్లిలో మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటి అరుగుమీద ఉంది. లంబసింగి పక్కనే. చలి ఊరికే దొరికే చోటు. మొన్న ఫిబ్రవరిలో అన్నయ్య ఫోటో పంపాడు, ఒకటే కాడ, పదకొండు పూలు. మా ఆవిడ చాలాసేపు ఆ ఫోటో చూసి, "ఇక్కడ దాన్ని ఎంత విసిగించామో" అన్నది.

మా బాల్కనీలో ఇప్పుడు ఒక నర్సరీలో పెంచిన వాండా, వేపమొద్దుకు కట్టి ఉంది. రెండు కొత్త వేళ్ళు వేసింది. ఇంకా పూయలేదు. వెలుగు చాలదేమోనని కిందటి వారమే తూర్పువైపుకు మార్చాను.