లోహవిహంగాల వ్యాపారంలో సరిహద్దు పల్లెల వాటా ఎంత?

బళ్లారి పట్టణానికి చేరువలోని సంగనకల్లు కొండలపై మూడు, నాలుగు వేల ఏళ్ళ క్రితం రాతి గొడ్డళ్ళ తయారీ స్థావరం ఉండేదని పురావస్తు పరిశోధకులు నిర్ధారించారు. హిరేగుడ్డపై దొరికే నల్లరాతిని చెక్కి, నూరి, స్థానిక అవసరానికి మించి గొడ్డళ్ళు తయారుచేసి ఇతర ప్రాంతాలకు సైతం అందించేవారని వారి అంచనా. రాయి, పనితనం, ఆకృతి మూడూ ఆ కొండవే. నేటి విమాన పరిశ్రమలో ఈ మూడూ ఒకచోట ఉండవు. నమూనా ఒక దేశానిది, విడిభాగాలు పది దేశాలవి, పెట్టుబడి మరెవరిదో. ఈ పరిశ్రమ సరిహద్దు పల్లెల గడప తొక్కనున్నదన్న ప్రచారం సాగుతున్న తరుణంలో ఈ తేడాను గ్రహించడం అవసరం.

బెంగళూరు సమీపంలోని దేవనహళ్ళి వద్ద ఏరోస్పేస్ పార్కు నిమిత్తం 13 గ్రామాల్లో తలపెట్టిన 1,777 ఎకరాల భూసేకరణను, మూడేళ్ళకు పైగా సాగిన రైతుల ఆందోళన ఫలితంగా, కర్ణాటక ప్రభుత్వం 2025 జూలై 15న విరమించుకుంది. ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ తమ రాష్ట్రంలో 8,000 ఎకరాలు సిద్ధంగా ఉన్నాయంటూ పరిశ్రమలను ఆహ్వానించారు. మడకశిర, లేపాక్షి ప్రాంతం పేరు అప్పుడు మార్మోగింది. సరిహద్దుకు ఒకవైపు వద్దన్న పరిశ్రమను మరొకవైపు రమ్మని పిలవడం రెండు రాష్ట్రాల పోటీగా కనిపించవచ్చు. కాని పల్లె కుటుంబానికి అది భూమికి, బిడ్డల భవితకు సంబంధించిన విషయం.

ఆయుధ ఒప్పందాలు, అప్పగించిన పనులు

విమాన తయారీ సంస్థ ఎలా సంపాదిస్తుందో తెలుసుకోవడానికి బోయింగ్ ఉదాహరణ చాలు. 1916లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన ఈ సంస్థ 1997లో మెక్‌డొనెల్ డగ్లస్‌ను కలుపుకొని రక్షణ రంగంలో బలపడింది. భారత్ 2009లో సముద్ర గస్తీకి 8 పీ-8ఐ విమానాలను, 2011లో 10 సీ-17 రవాణా విమానాలను, 2015లో 22 అపాచీ, 15 చినూక్ హెలికాప్టర్లను ఈ సంస్థ నుంచి కొనేందుకు ఒప్పందాలు కుదుర్చుకుంది. కొనుగోలుదారు ప్రభుత్వమే కనుక సొమ్ముకు ఢోకా లేదు. విడిభాగాలు, మరమ్మతులు, శిక్షణ రూపంలో దశాబ్దాల పాటు ఆదాయం వస్తూనే ఉంటుంది.

ఇంత సొమ్ము విదేశాలకు పోతున్నప్పుడు కొంతైనా పని స్వదేశానికి రావాలన్న ఉద్దేశంతో భారత ప్రభుత్వం 2005లో ఒక నిబంధన తెచ్చింది. పెద్ద రక్షణ ఒప్పందం పొందిన విదేశీ సంస్థ, విలువలో సాధారణంగా 30 శాతానికి సమానమైన పనిని భారత పరిశ్రమకు కల్పించాలన్నది దాని సారాంశం. అయితే 2020 నాటి కొత్త సేకరణ విధానం ప్రభుత్వాల మధ్య నేరుగా కుదిరే కొనుగోళ్ళకు ఈ షరతును తొలగించడం గమనార్హం.

హైదరాబాద్ శివారులోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారం 2018 మార్చిలో ప్రారంభమైంది. అక్కడ అపాచీ హెలికాప్టరు దేహభాగం తయారవుతుంది. అమెరికాలోని మెసాకు చేరాకే ఇంజను, రెక్కలు, ఆయుధాలు అమర్చుతారు. బళ్లారి వాసులకు ఈ ఏర్పాటు కొత్త కాదు. ఇక్కడి జీన్స్ కుట్టుపని చేసే ఇళ్ళలో గుడ్డ ఇచ్చేవారొకరు, కుట్టేవారొకరు, పేరు వేసుకొని అమ్ముకునేవారు మరొకరు. కుట్టుకూలి పెరిగినా పేరు విలువ మాత్రం కుట్టినవారికి దక్కదు. ఆదిభట్లలో నైపుణ్యం ఎంతో మెరుగైనదే, ఉద్యోగాలూ నిజమైనవే. అయినా నమూనాపై హక్కు, అంతిమ ధర నిర్ణయం వేరొకచోట ఉన్నాయి. భారత సైన్యం 2020లో 6 అపాచీలకు ఒప్పందం చేసుకోగా, మొదటి మూడు 2025 జూలైలో గాని చేరలేదు. దేహభాగం ఇక్కడే తయారైనా, ఎప్పుడు అందించాలన్నది ఇక్కడివారి చేతిలో లేదు.

అప్పు ఇచ్చి అమ్మే విద్య

ఈ వ్యాపారంలో రెండవ పార్శ్వం ఋణసదుపాయం. ట్రాక్టరు కొనే రైతుకు డీలరే ఫైనాన్సు కుదిర్చినట్లు, విమానాలు కొనే సంస్థలకు తయారీదారే అప్పుదారి చూపుతుంది. బోయింగ్ క్యాపిటల్ అనే విభాగం చాలాకాలం ఈ పనే చేసింది. బ్యాంకులను కుదర్చడం, అవసరమైతే తానే అప్పివ్వడం, విమానాలను అద్దెకు తిప్పడం దాని విధులు. దానికి తోడు అమెరికా ఎగుమతి-దిగుమతి బ్యాంకు విదేశీ కొనుగోలుదారుల అప్పులకు హామీగా నిలుస్తుంది. ఆ హామీ పొందినవారిలో ఎయిరిండియా ఒకటి.

2005-06లో ఎయిరిండియా వర్గం 68 బోయింగ్ విమానాలకు ఒప్పందం చేసుకుంది. తర్వాత విలీనం, నష్టాలు, వడ్డీల భారం ఒకదానిపై ఒకటి పడ్డాయి. 2021 ఆగస్టు నాటికి సంస్థ అప్పు 61,562 కోట్ల రూపాయలు. టాటాలు 18,000 కోట్లకు సంస్థను కొన్నప్పుడు అందులో 15,300 కోట్లు అప్పు రూపంలో తీసుకున్నారు. మిగిలిన 46,262 కోట్ల అప్పు ప్రభుత్వ సంస్థకు బదిలీ అయింది. ఆ అప్పంతా విమానాల కొనుగోలు వల్లనే ఏర్పడిందనలేము గాని, చివరకు అది ప్రజాధనంపై పడిందన్నది వాస్తవం. విమానం ఎక్కి ఎరుగని పల్లెవాసి కూడా అందులో భాగస్వామే.

గో ఫస్ట్ సంస్థ ఉదంతం మరొక పాఠం. 2023 మే నెలలో అది దివాలా దరఖాస్తు చేయగానే, దాని విమానాలను అద్దెకిచ్చిన విదేశీ సంస్థలు వాటిని వెనక్కి తీసుకోలేకపోయాయి. దాదాపు ఏడాది వ్యాజ్యం తర్వాత 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషను రద్దుకు ఆదేశించింది. 2025లో పార్లమెంటు విమాన ఆస్తుల హక్కుల పరిరక్షణకు ప్రత్యేక చట్టమే చేసింది. కిస్తీ తప్పితే నిర్ణీత గడువులో విమానాన్ని స్వాధీనం చేసుకునే హక్కు ఋణదాతకు దక్కింది. దీనిని తప్పుపట్టనక్కరలేదు. ఆ భరోసా ఉంటేనే అద్దెలు, వడ్డీలు తగ్గుతాయి.

భూమి ఇచ్చినవారికి భరోసా ఏది?

అయితే విమానం ఇచ్చినవారికి గల భరోసా భూమి ఇచ్చినవారికి ఉన్నదా? 2013 భూసేకరణ చట్టంలోని 101వ విభాగం ప్రకారం, స్వాధీనమైన భూమి ఐదేళ్ళు వినియోగం కాకపోతే సొంతదారుకు గాని, ప్రభుత్వ భూనిధికి గాని తిరిగి చేరాలి. ఆ "గాని" అన్న మాటలోనే రైతు ఆశ సగం కరిగిపోతుంది. పైగా కర్ణాటకలో పారిశ్రామిక అవసరాలకు తరచు 1966 నాటి పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద భూమి సేకరిస్తారు. కనుక నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో చూసుకోవడం రైతు చేయవలసిన మొదటి పని.

బళ్లారి సమీపాన చాగనూరు, సిరివార గ్రామాల వద్ద విమానాశ్రయం కోసం 2010 ప్రాంతంలో రైతుల ప్రతిఘటన మధ్య భూమి సేకరించారు. పదేళ్ళు గడిచినా అక్కడ విమానం దిగలేదు. తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో 615 ఎకరాల్లో హెచ్.ఏ.ఎల్. హెలికాప్టర్ల కర్మాగారానికి 2016 జనవరిలో శంకుస్థాపన జరగగా, ప్రారంభోత్సవం 2023 ఫిబ్రవరిలో జరిగింది. ప్రభుత్వ రంగ సంస్థకే ఏడేళ్ళు పట్టింది. శంకుస్థాపన నాడు పద్దెనిమిదేళ్ళ యువకునికి ప్రారంభోత్సవం నాటికి పాతికేళ్ళు నిండుతాయి.

కాబట్టి పరిశ్రమ వద్దని గాని, వచ్చినదంతా వరమని గాని తీర్మానించడం తొందరపాటు. రాబోయే కర్మాగారం చేతిలో ఆర్డరు ఉన్నదా, అది ఎన్నేళ్ళది, పని మొదలుకాకపోతే భూమి ఎవరికి చేరుతుంది, భూమి ఇచ్చిన ఇంటి బిడ్డకు ఫిట్టరు, మెషినిస్టు, వెల్డరు పనుల్లో అప్రెంటిస్ శిక్షణ ముందుగానే ఇస్తారా అన్న ప్రశ్నలు గ్రామసభలో లేవనెత్తాలి. సమాధానాలు వేదికలపై వాగ్దానాలుగా కాక ఒప్పంద పత్రంలో షరతులుగా ఉండాలి. విమానం అద్దెకిచ్చిన విదేశీ సంస్థ తన హక్కును చట్టంలో వ్రాయించుకోగలిగింది. తరతరాల భూమిని అప్పగించే కుటుంబం తన హక్కును కాగితంపై వ్రాయించుకోవాలని కోరడం అత్యాశ కాదు.