కొల్లేటి సీమ ఇంటికి ఎండా గాలే ఔషధం

ప్రకృతిని ఇంట్లోకి తేవాలన్న తపన నేడు ఏలూరు, తాడేపల్లిగూడెం గృహాలలోనూ కనిపిస్తోంది. హాలులో కుండీలు, గోడవారన చిన్న జలధార, పడకగదిలో మొక్కలు! తపన మంచిదే. అయితే దేశాన్ని విచారించకుండా చికిత్స చేయరాదన్నది ఆయుర్వేద సూత్రం. గృహాలంకరణకూ అది వర్తిస్తుంది.

ఆయుర్వేదం దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పింది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన కొల్లేరును ఆనుకొని ఉన్న సీమ ఆనూపమే. ఇచ్చట కఫవాతాలు సహజంగానే ప్రబలుతాయి. మూసిన గదిలోకి మరింత తేమ తెస్తే గోడలు బూజు పడతాయి. ఉబ్బసరోగికి ఆయాసం హెచ్చుతుంది. కుండీల కింది పళ్ళెంలో నిలిచిన నీరు దోమలకు ఆలవాలం.

మన పెద్దల మండువా లోగిళ్ళలో నడిమింట ఎండ పడేది. ఎదురెదురు ద్వారాల గుండా గాలి వీచేది. తులసికోట ఆరుబయటే ఉండేది. వట్టివేళ్ళ తడికెలు పొడి వడగాడ్పు వేళ చలువ చేస్తాయి; ముసురు రోజుల్లో వాటిని తడపరాదు.

కనుక పాఠకులు మొక్కలను వసారాలో పెంచుకోవాలి. ఎండ కాసే రోజున ఉదయమే కిటికీలు తెరవాలి. పరుపులు, తుంగచాపలు తరచు ఎండబెట్టాలి. ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారి పడకగదిలో కుండీలు, జలధారలు వద్దు.