విషజ్వర మనగా నేమి?

రామతీర్థమున శ్రీరామచంద్రుని సేవించి, గురుభక్తులకొండపైని బౌద్ధశిథిలములను దర్శించి మరలు యాత్రికునకు, ఆ కొండల దిగువ నొక శ్రమజీవనము గానవచ్చును. బురదచేలలో కాళ్ళానించి వరి పండించువారు, తుప్పలనడుమ పసులను మేపువారు, వంటచెఱకునకై కొండ యెక్కువారు, కుళాయినీరు చాలక గోలెములలో నీరు నిలువయుంచుకొనువారు అందు గలరు. వర్షములు వెనుకబట్టి మంచు దిగు ఋతువున ఇట్టివారి యిండ్లనే జ్వరము ముందుగా జొచ్చును. ఏమి జ్వరమని యడిగినచో తఱచుగా లభించు నుత్తరము "విషజ్వరము."

ఈ మాట యే రోగమునకును పేరు గాదని మేము నిస్సంకోచముగా జెప్పవలసియున్నది. 2025వ సంవత్సరాంతమున విజయనగరము జిల్లాలో నొక మరణము స్క్రబ్ టైఫస్ జ్వరమువలన గలిగినదని వార్త వెలువడగా రాష్ట్రమంతయు నులికిపడెను. ఆ జ్వరము క్రొత్తది గాదు. రెండవ ప్రపంచసంగ్రామకాలమున అస్సాము, బర్మా సరిహద్దులయందు నిది సైనికుల నెందఱనో బాధించినది. ఇంత పాతరోగము మనకు క్రొత్తగా దోచుటకు గారణము, పరీక్షించి దాని పేరు దెలిసికొనకపోవుటయే.

ఒకే తీరున మొదలగు నీ జ్వరములను దెచ్చు వాహకములు వేఱువేఱు. మలేరియాను అనాఫిలిస్ దోమ రాత్రివేళ దెచ్చును. డెంగ్యూను దెచ్చు ఏడిస్ దోమ పగటివేళ గుట్టును. మూతలేని గోలెములోను, పాతటైరులోను నిలిచిన నీరే దానికి బుట్టినిల్లు. ఎలుకల మూత్రము గలసిన బురదనీటినుండి, కాలిపగుళ్ళద్వారా లెప్టోస్పైరోసిస్ సంక్రమించును. స్క్రబ్ టైఫస్‌ను నల్లిజాతికి జెందిన, కంటి కానని పురుగుపిల్ల యంటించును. ఎలుకల నాశ్రయించి గడ్డిలోను తుప్పలలోను మసలు నా పురుగు కుట్టినచోట, చుట్టనిప్పు దగిలినట్టి నల్లని పక్కు గట్టును. నొప్పి యుండదు గనుక, చంకలోనో గజ్జలోనో మొలత్రాటిక్రిందనో యున్న యా పక్కును రోగియు నెఱుగడు. అందఱిలోను నిది కనబడదు. కనబడినచో నింతకుమించిన సూచన యుండదు.

పేరుతో బనియేమి, జ్వరము తగ్గిన జాలదా యని కొంద ఱడుగవచ్చును. పేరు దెలియనిచో మందు తప్పును. స్క్రబ్ టైఫస్‌ను పెనిసిలిన్ గాని, నేడు విరివిగా వాడబడు సెఫ్‌ట్రియాక్సోన్ సూదిమందు గాని అణచజాలవు. స్వల్పమూల్యమునకు దొరకు డాక్సీసైక్లిన్ సకాలమున నిచ్చినచో సామాన్యముగా రెండుదినములలో జ్వరము దిగును. గర్భిణులకు అజిత్రోమైసిన్ గలదు. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతిని ప్రాణమే పోవచ్చును. మలేరియాకు మందు వేఱు. డెంగ్యూకు బ్రత్యేకౌషధమే లేదు. అందు ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు రక్తస్రావమునకు దారితీయును. ఒక్క వైడాల్ పరీక్షను నమ్మి ప్రతిజ్వరమును టైఫాయిడ్ అనుటయు, సెలైన్ బుడ్డి వ్రేలాడదీసి చికిత్స యైనదనుకొనుటయు రోగికి జేయు నపకారము. కూలివాని వారమురోజుల వేతనము నందే కరగిపోవును. అంతకంటె విలువైన కాలమును గడచిపోవును.

పల్లెలో తొలుత రోగిని జూచు ఆర్.ఎం.పి. వైద్యుని దూషించుట సులభము. అర్ధరాత్రి పిలిచిన బలుకువా డతడే. పరీక్ష దూరమున నుండి, సూదిమందు చేరువ నున్నంతకాలము జనులు చేరువనున్న దానినే యాశ్రయింతురు. కావున దోషము వ్యవస్థయందు గలదు.

సుశ్రుతసంహిత కల్పస్థానమున మూషికవిషమునకు బ్రత్యేకాధ్యాయమే గలదు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గనుగొన్నది సికింద్రాబాదులోనే. ఇట్టి విమర్శ జరిగిన నేలపై మనము నేటికిని విషజ్వరమను మాటతో దృప్తిజెందుట తగునా?

ప్రభుత్వమువారిని మేము గోరున దిది. నాలుగైదు దినములు విడువని ప్రతిజ్వరమునకును ప్రాథమికారోగ్యకేంద్రమున మలేరియా, డెంగ్యూ, స్క్రబ్ టైఫస్ పరీక్షలకు రక్తము దీయవలెను. విజయనగరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. రోగి పట్టణమునకు బోవుటకు మాఱుగా రక్తపునమూనాయే పోవలెను, ఫలితము మఱునాటికి బల్లెకు రావలెను. అనుమానము బలముగా నున్నచో ఫలితమునకై వేచియుండక వైద్యులు డాక్సీసైక్లిన్ మొదలిడవలెను. ఆశా కార్యకర్తలకును, పల్లెవైద్యులకును ఆ నల్లని పక్కును గుర్తించుట నేర్పవలెను.

పంచాయతీలు ఇండ్లచుట్టునుగల తుప్పలను గొట్టించి, చెత్తనెత్తించి, ఎలుకలకు దావు లేకుండ జేయవలెను. ప్రజలు వారమున కొకపరి గోలెముల నీటిని బారబోసి తోమవలెను. పొలమునుండి రాగానే స్నానమాడి బట్టలు మార్చుకొనవలెను. రామతీర్థపు యాత్రికులును తుప్పలలోను పచ్చికపైనను మేను వాల్పకుందురు గాక.

ఇకమీదట నెవ్వరైనను "విషజ్వర"మని చెప్పినచో "ఏ విషము? ఏ పురుగు?" అని యడుగుడు. ఆ ప్రశ్న యడుగుట రోగి హక్కు. దానికి నుత్తర మిచ్చుట ప్రభుత్వధర్మము.